టికెట్టు గేటు లోపల వేట

1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్‌బాయ్ మీదికి వచ్చిన పోకెమాన్ ఆటలో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో కంచె వేసిన అడవి ఒకటి, దాని ముందు టికెట్ కౌంటరు. ఆట డబ్బు 500 చెల్లిస్తే జీవులను పట్టడానికి 30 బంతులు చేతికిచ్చి లోపలికి పంపుతారు. 500 అడుగులు నడిచేసరికి గడువు అయిపోయిందని మైకులో చెప్పి బయటికి పంపేస్తారు. దాని పేరు సఫారీ జోన్. దారులు, గుహలు, సముద్రాలు అన్నీ ఉచితంగా తిరగనిచ్చిన ఆట కొన్ని అరుదైన జీవులను మాత్రం డబ్బు కట్టి చూడాల్సిన ఆవరణలో పెట్టింది. ఇరవై ఏళ్ళకు అవే జీవులు ఫోన్లలోకి దిగి నిజమైన వీధుల్లో తిరగడం మొదలుపెట్టినప్పుడు, వాటి కోసం జనం ఇష్టంగా వెళ్ళిన చోట్లలో టికెట్టు కొని అడుగుపెట్టే థీమ్ పార్కులూ ఉన్నాయి. అది ఏదో తోచి చేసిన పని కాదు, దాని వెనక చాలా కథ ఉంది.

ఆ ఆటను తయారుచేసిన సతోషి తజిరి 1965లో పుట్టాడు. పెరిగింది టోక్యోకు పడమట ఉన్న మచిదాలో. అప్పటికింకా అక్కడ వరిమళ్ళు, చెరువులు, చెట్ల గుంపులు ఉండేవి. పురుగులు పట్టడమంటే అతనికి ఎంత పిచ్చి అంటే తోటి పిల్లలు ‘పురుగుల డాక్టర్’ అని పిలిచేవారు. మన పల్లెల్లో ఆరుద్ర పురుగును అరచేతి మీద పాకించుకున్నవాళ్ళకు, జీరంగిని అగ్గిపెట్టెలో దాచుకున్నవాళ్ళకు ఆ పిచ్చి ఎలాంటిదో విడమరచి చెప్పనక్కర్లేదు. టోక్యో పెరిగి పెరిగి మచిదా మీదికి వచ్చింది. మళ్ళు ఇళ్ళయ్యాయి. చేపలు పట్టుకునే చెరువు ఉన్నచోట వీడియో ఆటల కేంద్రం వెలిసిందని తజిరి తరువాత చెప్పుకున్నాడు. కుర్రవాడి మనసు కూడా పురుగుల మీద నుంచి ఆటల మీదికి మళ్ళింది. 1980లలో గేమ్ ఫ్రీక్ అనే చిన్న పత్రిక నడిపాడు, 1989లో అదే పేరుతో కంపెనీ పెట్టాడు. రెండు గేమ్‌బాయ్‌లను కలిపే తీగను చూసినప్పుడు దాని వెంట పురుగులు అటూ ఇటూ పాకుతున్నట్టు ఊహించుకున్నాడు. 151 జీవులను వెతికి పట్టి, స్నేహితుడితో ఇచ్చిపుచ్చుకునే ఆట అలా మొదలైంది.

థీమ్ పార్కు కథ కూడా చెట్లు కొట్టేసిన నేల మీదే మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ కొన్న 160 ఎకరాల్లో ఉన్నవి నారింజ, వాల్‌నట్ తోటలు. 1954లో పని మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి, 1955 జూలై 17న, డిస్నీల్యాండ్ తెరిచాడు. తోటలు పోయిన చోట ఒక నదిని, ఒక అడవిని, ఒక కోటను కొత్తగా కట్టించాడు. కార్లు రాని వీధులు వేయించాడు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పెద్దవాళ్ళ వేలు వదిలి పిల్లలు ఇష్టమొచ్చినట్టు తిరిగే జాగా ఊళ్ళల్లో తరిగిపోతున్న కాలమది. ఒకాయన ఆ జాగాను ప్రహరీ లోపల కట్టి టికెట్టు పెట్టాడు. ఇంకొకాయన దాన్ని గుప్పిట్లో పట్టే తెరలోకి దించాడు. అవి రెండూ 2016లో ఒకే నేల మీద కలుసుకున్నాయి.

అంతకు ముందే పార్కులవాళ్ళకు ఫోను మీద కన్నుంది. 2009 జనవరిలో ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో ‘కిమ్ పాసిబుల్’ అనే కార్టూన్ ఆధారంగా ఒక ఆట పెట్టారు. వచ్చినవాళ్ళ చేతికి పార్కే ఒక సెల్‌ఫోన్ ఇచ్చేది. అందులో వచ్చే ఆధారాలు పట్టుకుని ఒక్కో దేశపు మండపం ముందు నిలబడి మీట నొక్కితే అక్కడి బొమ్మో, కిటికీయో కదిలేది. 2012లో దాని స్థానంలో మరో కార్టూన్ పేరుతో అదే పద్ధతి ఆట వచ్చింది. అదే ఏడాది పక్కనే ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మంత్రాల కార్డులు చూపించి తెరల మీది దుష్టులతో పోరాడే ఆట మొదలైంది. అది 2021 దాకా నడిచింది. 2014లో యూనివర్సల్ పార్కు హ్యారీ పాటర్ మంత్రదండాలు అమ్మింది. దుకాణం అద్దం ముందు దండం తిప్పితే లోపలి వస్తువు కదులుతుంది. వీటన్నిటిలో ఆట పార్కు సొంతం. ఏ మూల ఏం దాగి ఉండాలో నిర్ణయించింది పార్కే.

2016 జూలైలో వచ్చిన ఆట అలా కాదు. దాన్ని ఏ పార్కూ పిలవలేదు.

దాని మూలం గూగుల్ పటాల్లో ఉంది. జాన్ హాంకీ నడిపిన కీహోల్ అనే కంపెనీని గూగుల్ 2004లో కొన్నది. అదే తరువాత గూగుల్ ఎర్త్ అయింది. 2010లో హాంకీ గూగుల్ లోపలే నయాంటిక్ అనే చిన్న జట్టు కట్టాడు. వాళ్ళు 2012లో తెచ్చిన ఇన్‌గ్రెస్ ఆటలో నిజమైన ఊళ్ళలోని విగ్రహాలు, శిలాఫలకాలు, గోడచిత్రాలు కోటల్లా మారాయి. వాటిని ఆక్రమించడమే ఆట. మొదట్లో చారిత్రక ఫలకాల జాబితాల నుంచి కొన్ని చోట్లు తీసుకున్నారు. తరువాత లక్షల కొద్దీ చోట్లను ఆటగాళ్ళే ఫోటోలు తీసి పంపారు. 2014 ఏప్రిల్ ఒకటిన గూగుల్ మ్యాప్స్‌లో పోకెమాన్‌లను దాచి సరదా చేశారు. ఆ సరదా పెద్ద పనికి దారితీసింది. 2015లో నయాంటిక్ గూగుల్ నుంచి విడిపోయింది, ఆ సెప్టెంబరులో పోకెమాన్ గో వస్తుందని ప్రకటించారు. ఇన్‌గ్రెస్ ఆటగాళ్ళు గుర్తుపెట్టిన చోట్లే ఈ కొత్త ఆటలో బంతులు దొరికే పోకీస్టాపులు, పోరాటాలు జరిగే జిమ్‌లు అయ్యాయి.

పార్కుల సంగతి తేలేది ఇక్కడే. సెలవుల్లో పార్కుకు వెళ్ళినవాడు అడుగడుగునా ఫోటో తీస్తాడు. అక్కడ ప్రతి మలుపులో ఒక విగ్రహం, ఒక ఫౌంటెన్, ఒక రంగుల గోడ ఉంటాయి. కాబట్టి కొత్త ఆట తెరిచేసరికి డిస్నీ, యూనివర్సల్ పార్కుల పటం మీద స్టాపులు కిక్కిరిసి కనిపించాయి. అదే సమయంలో చాలా పేటల్లో, పల్లెల్లో అవి కరువు. 2016లో వాషింగ్టన్ నగరంపై ఒక పరిశోధన సంస్థ లెక్క తీస్తే, తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో సగటున 55 చోట్లు ఉంటే, నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో 19 మాత్రమే ఉన్నాయి. ఫోటోలు తీసి పంపేవాళ్ళు ఎక్కడ తిరిగారో పటం అక్కడే నిండింది. పిల్లలను ఇంటి బయటికి, తమ వీధిలోకి రప్పించాలని తలపెట్టిన ఆట కొన్ని వీధులకు ఏమీ ఇవ్వలేదు, టికెట్టు పార్కులకు మాత్రం అడక్కుండానే దోసిళ్ళతో పోసింది. ఈ చరిత్రలో బాధపెట్టే సంగతి ఇదే. దీన్ని దాటేసి పోకూడదు.

2016 జూలై 6న అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆట విడుదలైంది. గిన్నిస్ లెక్క ప్రకారం మొదటి నెలలో 13 కోట్ల డౌన్‌లోడ్లు, 20.65 కోట్ల డాలర్ల ఆదాయం. సర్వర్లు మాటిమాటికీ చతికిలబడ్డాయి. దక్షిణ కొరియాలో ఇంకా విడుదల కాకుండానే ఈశాన్య తీరంలోని సొక్చో అనే ఊళ్ళో ఆట పనిచేస్తోందని తెలిసి యువకులు బస్సుల్లో తరలివెళ్ళారు. ఆ వేసవిలో ఆటగాళ్ళు రోడ్ల మీద తలవంచుకుని నడుస్తూ దెబ్బలు తగిలించుకున్న వార్తలు ఎన్నో వచ్చాయి. పార్కు లోపల ఆ భయం తక్కువ. అక్కడ కారు రాదు, చీకటి సందు ఉండదు. తాగడానికి నీళ్ళు, కూర్చోడానికి బెంచీ, వెళ్ళడానికి మరుగుదొడ్డి అన్నీ నాలుగు అడుగుల్లో దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం క్యూ. పెద్ద రైడ్ ముందు గంట, రెండు గంటలు నిలబడటం పార్కుకు వెళ్ళినవాళ్ళందరికీ తెలిసిందే. ఆ విసుగు తగ్గించడానికే డిస్నీ 1999లో ముందుగా సమయం రాయించుకునే ఫాస్ట్‌పాస్ పద్ధతి తెచ్చింది. పోకెమాన్ గో ఆ విసుగును మరో వైపు నుంచి పట్టుకుంది. ఒక స్టాపును తిప్పి బంతులు తీసుకుంటే అయిదు నిమిషాలకు అది మళ్ళీ నిండుతుంది. పాములా మెలికలు తిరిగే క్యూ ఆ స్టాపు చుట్టూనే తిరుగుతుంది. ఎవరైనా లూర్ అనే ఎర వేస్తే అరగంట పాటు అక్కడికి జీవులు వస్తూనే ఉంటాయి, వేసినవాడికే కాదు, దగ్గర్లో ఉన్న అందరికీ. ముక్కూ మొహం తెలియని నలుగురు ఒకే ఫౌంటెన్ దగ్గర ఒకేసారి తలెత్తి, ‘నీకూ వచ్చిందా’ అన్నట్టు చూసుకునే అలవాటు ఆ వేసవిలోనే పుట్టింది.

గుడ్ల లెక్క ఇంకో ఆకర్షణ. 2016లో ఆటలో గుడ్డు పొదగాలంటే 2, 5 లేదా 10 కిలోమీటర్లు నడవాల్సి వచ్చేది. పెద్ద పార్కులో పొద్దుట్నుంచి రాత్రి దాకా తిరిగితే పది కిలోమీటర్లు పెద్ద విషయం కాదు. వేగం గంటకు పది కిలోమీటర్లు దాటితే ఆట దాన్ని నడకగా ఒప్పుకోదు, కాబట్టి రోలర్ కోస్టర్ మీద గుడ్లు పొదగవు. నింపాదిగా సాగే పడవ, చిన్న రైలు మాత్రం కొంతమేరకు కలిసొస్తాయి. ఇనుప కప్పు ఉన్న మండపాల్లో జీపీఎస్ తడబడి ఆటగాడి బొమ్మ నిలబడ్డచోటే గింగిరాలు కొట్టేది. బ్యాటరీ మధ్యాహ్నానికే అడుగంటేది. పవర్‌బ్యాంకు లేకుండా పార్కుకు వెళ్ళకూడదని ఆటగాళ్ళు నేర్చుకున్నారు. 2016 సెప్టెంబరులో 35 డాలర్లకు పోకెమాన్ గో ప్లస్ అనే చిన్న పరికరం వచ్చింది. చేతికి కట్టుకుంటే జీవి ఎదురైనప్పుడు అది అదురుతుంది, మీట నొక్కితే బంతి పడుతుంది. పిల్లవాడి చెయ్యి ఒక చేత పట్టుకున్న తల్లికి, ఫోను తీయకుండానే ఆట సాగేది.

ప్రతి చోటూ ఈ అతిథిని రమ్మనలేదు. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం తమ ఆవరణలో ఆడవద్దని కోరింది. హిరోషిమా శాంతి ఉద్యానవనం నుంచి, 2016 ఆగస్టు 6 స్మారక దినానికి ముందే, జీవులను, స్టాపులను తీసేశారు. సరైన పనే చేశారు. మన దేశంలో ప్రార్థనాస్థలాల దగ్గర ఆటలో గుడ్లు ఇవ్వడం మనోభావాలను గాయపరుస్తోందని ఆ సెప్టెంబరులో గుజరాత్ హైకోర్టుకు పిటిషన్ వెళ్ళింది. మరోవైపు డబ్బు పెట్టి పిలిచినవాళ్ళూ ఉన్నారు. జూలై 22న జపాన్‌లో విడుదలైన రోజే మెక్‌డొనాల్డ్స్‌కు చెందిన దాదాపు 2,900 దుకాణాలు జిమ్‌లు, స్టాపులు అయ్యాయి. భారతదేశంలోకి ఆట అధికారికంగా వచ్చింది 2016 డిసెంబరులో, రిలయన్స్ జియోతో ఒప్పందం చేసుకుని. జియో, రిలయన్స్ డిజిటల్ దుకాణాలు కూడా ఇక్కడ స్టాపులయ్యాయి. జపాన్‌లోని తొత్తొరి రాష్ట్రం మాత్రం ఇంకో దారి పట్టింది. అక్కడి గవర్నరు తమ ఇసుకదిబ్బలు స్వేచ్ఛగా ఆడుకునే చోటని 2016 జూలైలోనే ప్రకటించాడు. వాహనాలు లేవు, విశాలమైన నేల ఉంది, రండి అన్నాడు. ఏడాది తిరిగాక, 2017 నవంబరులో, సఫారీ జోన్ అనే మూడు రోజుల పోకెమాన్ గో ఉత్సవం అక్కడే జరిగింది. ఆటలోని కంచె అడవి పేరు నిజమైన ఇసుక మీద పడింది.

ఆ మధ్యలో షికాగోలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. 2017 జూలై 22న గ్రాంట్ పార్కులో జరిగిన మొదటి గో ఫెస్ట్ ఉత్సవానికి 20 డాలర్ల టికెట్టు కొని దాదాపు 20 వేల మంది వచ్చారు. ఫోన్ నెట్‌వర్కులు కూలిపోయాయి, ఆట తెరుచుకోలేదు. వేదిక మీద హాంకీ మాట్లాడుతుంటే జనం గేలి చేశారు. నయాంటిక్ టికెట్టు డబ్బు తిరిగిచ్చి, ఒక్కొక్కరికీ వంద డాలర్ల విలువైన ఆట నాణేలు ఇచ్చింది. అయినా కేసు పడింది, తరువాతి ఏడాది 15 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి రాజీ పడ్డారు. ఆ రోజుతో ఒక పాఠం తెలిసింది. ఇంతమందిని ఒకచోట చేర్చాలంటే ఊరి పటం చాలదు. దారులు, గేట్లు, సిగ్నల్, నీడ ముందుగా ఏర్పాటు చేయాలి. థీమ్ పార్కులు అరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదే.

తరువాతి ఉత్సవాల చోట్లు చూస్తే ఆ పాఠం ఎంత గట్టిగా పట్టిందో తెలుస్తుంది. 2018లో జర్మనీలోని డోర్ట్‌మండ్ నగరంలో వెస్ట్‌ఫాలెన్ పార్కును ఎంచుకున్నారు, అది 1959 నాటి పూలతోటల ప్రదర్శన కోసం పెంచినది. 2019 ఏప్రిల్‌లో సింగపూర్ వంతు వచ్చినప్పుడు సెంటోసా దీవిలో పెట్టారు. యూనివర్సల్ స్టూడియోస్, సముద్రతీరం, కేబుల్ కారు అన్నీ అక్కడే. మన తెలుగు కుటుంబాలు సింగపూర్ వెళితే తప్పక చూసొచ్చే దీవి అది. 2023, 2025 సంవత్సరాల్లో జపాన్ ఉత్సవాలు ఒసాకాలోని ఎక్స్‌పో 70 స్మారక పార్కులో జరిగాయి. 1970లో ఆరు కోట్లకు పైగా జనం వచ్చిన ప్రపంచ ప్రదర్శన నేల అది. తారో ఒకమోతో కట్టిన సూర్యగోపురం ఇంకా నిలబడే ఉంది. ఒకప్పుడు పక్కనే ఉన్న ఎక్స్‌పోల్యాండ్ అనే వినోద పార్కు 2007 రోలర్ కోస్టర్ ప్రమాదం తరువాత కోలుకోలేక మూతపడింది. రైడ్లు లేకుండా పోయిన నేల మీదికి, రైడ్లు అవసరం లేని ఆట జనాన్ని మళ్ళీ తెచ్చింది.

పార్కులు కూడా ఊరికే చూస్తూ కూర్చోలేదు. డిస్నీ 2018 జూన్‌లో తన సొంత ఆటల యాప్ తెచ్చింది. ఏ రైడ్ క్యూలో నిలబడ్డారో గుర్తించి, ఆ రైడ్ కథకు తగ్గ ఆటను ఫోన్లో తెరుస్తుంది. 2021 మార్చిలో ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ జపాన్‌లో తెరిచిన సూపర్ నింటెండో వరల్డ్ ఇంకో అడుగు వేసింది. చేతిపట్టీ కట్టుకుని పెట్టెలను గుద్దితే నాణేలు పోగవుతాయి. ఆ లెక్క ఫోన్లో చూసుకోవచ్చు. క్యూలో నిలబడ్డ మనిషి చేతిలో ఫోన్ ఉండనే ఉంది, ఆ మనిషికి సేకరించే కోరిక ఉంది. పోకెమాన్ గో బయటపెట్టిన ఈ సంగతిని పార్కులు ఇప్పుడు కట్టడంలోనే కలుపుకుంటున్నాయి. పోకెమాన్‌లు సొంత పార్కు పెట్టుకున్న కాలమూ ఉంది. 2005 మార్చి నుంచి సెప్టెంబరు దాకా నగోయాలో పోకెపార్క్ నడిచింది, మరుసటి ఏడాది అది తైపేకి వెళ్ళింది. అది స్మార్ట్‌ఫోన్ల కాలానికి ముందు, జెయింట్ వీల్‌లు, రంగులరాట్నాల పార్కు. 2026 ఫిబ్రవరి నుంచి టోక్యో శివార్లలోని యోమియురిలాండ్‌లో పోకెపార్క్ కాంటో తెరుస్తామని ప్రకటించారు. ఈసారి ప్రధాన ఆకర్షణగా చెప్పింది రైడ్లు కాదు, కొండ మీద నిజమైన చెట్ల మధ్య, మెట్లెక్కుతూ జీవులను వెతుక్కుంటూ నడిచే బాట.

2020 మార్చిలో కరోనా వచ్చి పార్కుల గేట్లు మూసింది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ ఏడాదికి పైగా, 2021 ఏప్రిల్ 30 దాకా తెరవలేదు. నడకే ప్రాణమైన ఆట కూడా నడక లేకుండా బతకాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చునే పెద్ద పోరాటాల్లో చేరే టికెట్టు పెట్టారు. స్టాపును అందుకునే దూరాన్ని 40 మీటర్ల నుంచి 80 మీటర్లకు పెంచారు. 2021 ఆగస్టులో అమెరికా, న్యూజిలాండ్‌లలో ఆ దూరాన్ని మళ్ళీ తగ్గించేసరికి ఆటగాళ్ళు గట్టిగా ఎదురుతిరిగారు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు, గుంపులోకి వెళ్ళడానికి భయపడేవాళ్ళకు 80 మీటర్లు ఎంత మేలో వివరంగా రాశారు. ఆ నెలాఖరులోగా కంపెనీ దిగివచ్చి 80 మీటర్లను శాశ్వతం చేసింది. పార్కు పటం మీద చూస్తే ఈ మార్పు విలువ తెలుస్తుంది. క్యూలో స్థానం వదలకుండా, మెట్లెక్కకుండా, అవతలి ఒడ్డున ఉన్న విగ్రహం కూడా అందుతుంది.

ఇప్పుడు పార్కుల్లో ఈ ఆట ఆడేవాళ్ళలో పిల్లలకంటే పెద్దలే ఎక్కువగా కనిపిస్తారు. 1990ల చివర గేమ్‌బాయ్ పట్టుకున్న అమెరికా, జపాన్ పిల్లలు వాళ్ళు. ఇక్కడైతే, కార్టూన్ నెట్‌వర్క్‌లో పికాచూని చూసి, చీటోస్ ప్యాకెట్లలోని టాజోల కోసం కొట్లాడుకున్న పిల్లలు. వాళ్ళలో చాలామంది ఉద్యోగాలకని డల్లాస్‌కో, న్యూజెర్సీకో వెళ్ళారు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలకు సెలవులిచ్చినప్పుడు ఆర్లాండో వెళ్ళడం అక్కడి తెలుగు ఇళ్ళల్లో మామూలు. ఆటగాడికి ఆర్లాండో మరో విధంగా విలువైన చోటు. కొన్ని జీవులు కొన్ని ప్రాంతాల్లోనే తిరుగుతాయి. టారోస్ అనే ఎద్దు ఉత్తర అమెరికాది. కార్నివైన్ అనే పురుగులు తినే మొక్క అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. కోర్సోలా అనే పగడం భూమధ్యరేఖకు అటూ ఇటూ వేడి నేలల్లోనే వస్తుంది, అది ఫ్లోరిడాలో దొరుకుతుంది, అనహైమ్‌లో దొరకదు. మన వైపు బొగ్గు మోసే తాబేలు టార్కోల్ తిరుగుతుంది, దాన్ని అమెరికాలో పట్టలేరు.

2018 జూన్ నుంచి స్నేహితులు జీవులను మార్చుకునే వీలు వచ్చింది, అయితే అప్పట్లో ఇద్దరూ వంద మీటర్ల లోపు నిలబడి ఉండాల్సి వచ్చేది. రెండు జీవులను పట్టిన చోట్ల మధ్య దూరం వంద కిలోమీటర్లు దాటితే ఇద్దరికీ జీవులను పెంచే క్యాండీ అదనంగా వస్తుంది. చేతులు మారినప్పుడు జీవి బలాబలాలు మారిపోతాయి, కానీ ఏ ఊళ్ళో, ఏ తేదీన పట్టారో ఆ వివరం మారదు. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చిన అన్నయ్య ఫోనులోంచి తమ్ముడి ఫోనులోకి వెళ్ళిన టారోస్ కింద ఫ్లోరిడా పేరు అలాగే ఉంటుంది, తమ్ముడిచ్చిన టార్కోల్ హైదరాబాద్ పేరుతో డల్లాస్ విమానం ఎక్కుతుంది.